మాట కలవడానికి ఒక సాకు



హాస్టల్ అనగానే మన తెలుగువాళ్లకు చదువుకునే రోజులే గుర్తొస్తాయి. ట్రంకు పెట్టె, నీళ్ల సాంబారు, రాత్రి వార్డెన్ తీసుకునే హాజరు. లేదంటే అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చిన పిల్లలు గదికి నలుగురేసి సర్దుకునే హాస్టల్. ఇవాళ నేను మాట్లాడబోయేది ఇంకో రకం హాస్టల్ గురించి. వీపున సంచి తగిలించుకుని ఊళ్లు చూడబోయేవాళ్లు దిగేది. బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ అంటారు. అక్కడ గది కాదు, మంచం అద్దెకిస్తారు. గదిలో ఆరో ఎనిమిదో మంచాలు, రైలు బెర్తుల్లా కిందొకటి పైనొకటి. రాత్రికి కొన్ని వందల రూపాయలు. పక్క మంచం మీద ఎవరుంటారో ముందు తెలీదు. ఏ ఊరివాళ్లో, ఏ దేశంవాళ్లో అసలే తెలీదు.

మన దేశంలో ఈ తరహా హాస్టళ్లు గత పది పన్నెండేళ్లలో బాగా పెరిగాయి. 2013లో జోధ్‌పూర్‌లో జోస్టెల్ అనే హాస్టల్ మొదలైంది. ఆ తర్వాత హంపి, గోకర్ణం, వర్కల, కాశీ, రిషీకేశ్, మనాలీ, ఇటు మన హైదరాబాదు వరకూ ఎన్నో వచ్చాయి. మన పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మూడు రోజులు సెలవు పెట్టి వీటిలోనే దిగుతున్నారు. నేను యాభై దాటాక వీటిలో దిగడం మొదలుపెట్టాను. ఒక్కదాన్నే ప్రయాణం చేసే ఆడమనిషికి లాడ్జి గదిలో తలుపు గడియ పెట్టుకుని నాలుగు గోడలూ చూస్తూ కూర్చోవడం కంటే, పదిమందీ ఉన్నచోట పడుకోవడమే నిశ్చింత అనిపించింది.

తీరా దిగాక ఒక సంగతి అర్థం కాలేదు. ఒక హాస్టల్లో మూడు రోజులుండి ఒక్క మనిషి పేరు కూడా తెలియకుండా వచ్చేశాను. ఇంకో హాస్టల్లో తొలి సాయంత్రానికే అయిదుగురితో కలిసి భోంచేశాను. మంచాలు అవే, డబ్బులు దాదాపు అవే, వచ్చేవాళ్లూ అలాంటివాళ్లే. మరి ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? దానికి నాకు దొరికిన జవాబే ఇవాళ మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

మొదట మాటల్లేని చోటు సంగతి. అదొక కొండ ఊరు. హాస్టల్ చాలా అందంగా ఉంది. గోడలనిండా రంగురంగుల బొమ్మలు, నాలుగో అంతస్తు మీద డాబా, డాబా మీద కాఫీ దుకాణం, ఎదురుగా మంచుకొండలు. కానీ ఆ డాబా మీదకి ప్రత్యేకంగా ఎక్కితే తప్ప ఎవరూ ఎవరికీ తారసపడరు. అక్కడ వేసిన బల్లలన్నీ ఇద్దరేసి కూర్చునేవి. ఒంటరిగా వచ్చిన మనిషి ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఎదుటి కుర్చీ ఖాళీ. ఇంకెవరైనా వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలంటే, కూర్చోవచ్చా అని అడగాలి. అలా అడగడానికి ఎంత ధైర్యం కావాలో మొహమాటస్తులకు తెలుస్తుంది. పైగా స్పీకర్లో పాటలు. గొంతు పెంచి మాట్లాడాల్సిన చోట కొత్తవాళ్లతో ఎవరూ మాట మొదలుపెట్టరు. వచ్చినవాళ్లందరూ మంచివాళ్లే అయ్యుంటారు. ఆ చోటు వాళ్లను విడివిడిగా కూర్చోబెట్టింది, అంతే.

ఇందుకు భిన్నంగా మన స్లీపర్ క్లాసు రైలుపెట్టెను తలుచుకోండి. ఎదురెదురుగా ఆరు బెర్తులు, నడవా పక్కన రెండు. పగలు మధ్య బెర్తు దించాలి. కింద బెర్తు ఎవరిదైనా, పగటిపూట ముగ్గురూ దాని మీదే కూర్చోవాలి. రాత్రి పది గంటల నుంచి పొద్దున్న ఆరింటి దాకా పడుకునే వేళ అని రైల్వే వాళ్ల నిబంధన. అంటే మధ్య బెర్తు ఎత్తాలంటే కిందాయన్ని అడగాలి, దించాలంటే మధ్య ఆయన్ని లేపాలి. పడుకోవడానికే ఒకరి సాయం ఒకరికి కావాలి. ఆ అవసరంలోంచే మాట పుడుతుంది. "ఎందాకా అండీ?" అని ఎవరో అంటారు. తాడేపల్లిగూడెం దాటేలోపు టిఫిన్ డబ్బా మూత తెరుచుకుంటుంది. అదే మనుషులు ఏసీ ఫస్టు క్లాసులో తలుపు వేసుకుని కూర్చుంటే ఢిల్లీ దాకా ఒక్క మాటా ఉండకపోవచ్చు. మనిషి మారలేదు. కూర్చున్న తీరు మారింది.

రెండో హాస్టల్ కాశీలో. పాతకాలపు ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ వసారా, వసారా వెంబడి గదులు. గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మన మండువా లోగిలే. వీధి గుమ్మంలోంచి వచ్చినా, గదిలోంచి స్నానానికి వెళ్లినా, వంటింట్లోకి మంచినీళ్లకు వెళ్లినా ఆ మండువా మీదుగానే వెళ్లాలి. రోజుకు పదిసార్లు పదిమందికి ఎదురుపడతాం. మొదటిసారి చూపు, రెండోసారి తల పంకించడం, మూడోసారి నవ్వు. నాలుగోసారికి మాట రాకపోతేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. హాస్టల్ కట్టేవాళ్లు, పాత ఇల్లు తీసుకుని హాస్టల్‌గా మార్చేవాళ్లు ముందు చూడాల్సింది ఇదేనని నా నమ్మకం. నలుగురూ కూర్చునే చోటు నలుగురూ నడిచే దారిలో ఉండాలి. పనిగట్టుకుని వెళ్లే చోటు అయితే అప్పటికే జట్టు కట్టినవాళ్లే అక్కడ కనిపిస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతారు.

ఇక్కడ కాస్త పాత కథ చెప్పుకోవాలి. ఈ హాస్టళ్లన్నిటికీ మూలపురుషుడు ఒక బడిపంతులు. రిచర్డ్ షిర్మాన్ ఆయన పేరు, జర్మనీలో ఆల్టెనా అనే ఊళ్లో పనిచేసేవాడు. పిల్లల్ని తరగతి గదిలో కూర్చోబెట్టి చెప్పే చదువు కంటే అడవుల్లో, పొలాల గట్ల మీద నడిపిస్తూ చెప్పే చదువు మేలని నమ్మినవాడు. 1909 ఆగస్టులో పిల్లలతో అలా కాలినడకన పోతుంటే ఉరుములు మెరుపులతో పెద్ద వాన పట్టుకుంది. ఒక పల్లెలోని బడిలో తలదాచుకున్నారు. నేల మీద గడ్డి పరుచుకుని పిల్లలు పడుకున్నారు. ఆ రాత్రి పంతులుగారికి నిద్ర పట్టలేదు. సెలవుల్లో ఊరూరా బడులు ఖాళీగానే ఉంటాయి కదా, నడిచి వచ్చే పిల్లలకు వాటిలో ఇలా చోటిస్తే ఎంత బావుండునని ఆలోచిస్తూ కూర్చున్నాడట. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతమైన తొలి యూత్ హాస్టల్ ఏర్పడింది. మూడంతస్తుల కొయ్య మంచాలున్న అప్పటి పడకగదిని ఇప్పటికీ మ్యూజియంగా ఉంచారు.

ఆయన జీవితంలో ఇంకో రాత్రి ఉంది. నాకు అదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన సైనికుడు. 1915 డిసెంబరులో వోజ్ పర్వతాల్లో, ఫ్రెంచి సేనలకు ఎదురుగా కందకాల్లో ఉన్నాడు. క్రిస్మస్ గంటలు మోగాయి. రెండు పక్షాల సైనికులూ తుపాకులు పక్కన పెట్టి, పాడుబడిన సొరంగాల గుండా ఒకరి దగ్గరికొకరు వెళ్లారు. జర్మన్లు నల్ల రొట్టె, బిస్కెట్లు, మాంసం ఇచ్చారు. ఫ్రెంచివాళ్లు వైను, సిగరెట్లు ఇచ్చారు. నిన్నటిదాకా కాల్చుకున్నవాళ్లు ఇచ్చిపుచ్చుకున్న మొదటి వస్తువు తిండి. దేశదేశాల కుర్రవాళ్లు ఒకరినొకరు తెలుసుకోవడానికి కలుసుకునే చోట్లు ఉండాలన్న ఆలోచన ఆయనకు ఆ రోజుల్లోనే బలపడింది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ యూత్ హాస్టల్ సమాఖ్య ఏర్పడింది. ఆ తర్వాతి ఏడాది ఆయన దానికి అధ్యక్షుడయ్యాడు. నాజీలు వచ్చి 1936 నాటికి ఆ పదవిలోంచి తప్పించారు. ఏ దేశం వాళ్లయినా ఒక చూరు కింద పడుకోవచ్చన్న మాట వాళ్లకు గిట్టేది కాదు మరి.

మన దేశంలోనూ 1949 నుంచి యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఉంది. దాని సభ్యత్వ కార్డు పట్టుకుని కసోల్ వెళ్లి, సార్ పాస్ ట్రెక్కింగు చేసివచ్చిన తెలుగు కుర్రవాళ్లు వేలమంది ఉంటారు. వాళ్లలో ఎవరినైనా అడగండి, మంచు గురించి ఎంత చెబుతారో, ఎవరి కంచం వాళ్లు కడుక్కుంటూ వణుకుతూ నిలబడ్డ వరుస గురించీ, రాత్రి అందరూ కలిసి పాడిన పాటల గురించీ అంతే చెబుతారు.

పని అనేదాని గురించి ఇప్పుడు చెబుతాను. ఇంగ్లండులో 1930ల తొలినాళ్లలో యూత్ హాస్టళ్లు మొదలైనప్పుడు రాత్రికి ఒక షిల్లింగు తీసుకునేవారు. దానితోపాటు పొద్దున్న వెళ్లేముందు ప్రతివాళ్లూ ఏదో ఒక పని చేయాలి. ఒకరు మెట్లు ఊడవాలి, ఒకరు గిన్నెలు తోమాలి, ఇద్దరు కూర్చుని బంగాళాదుంపలు ఒలవాలి. ఖర్చు తగ్గడానికి పెట్టిన నియమమే అయినా, దానివల్ల ఇంకో మేలు జరిగింది. బంగాళాదుంపల బుట్టకు అటొకరూ ఇటొకరూ కూర్చున్నాక మాట రాకుండా ఎలా ఉంటుంది?

కాశీలో నాకు ఎదురైందీ సరిగ్గా ఇదే. నేను దిగింది జనవరి నెలలో. ఆ కాలంలో బనారస్‌లో ఎక్కడ చూసినా పచ్చి బఠానీలే. బఠానీలతో, అటుకులతో అక్కడ ఒక ఉపాహారం చేస్తారు, చూడా మటర్ అంటారు. మన అటుకుల ఉప్మాకు దగ్గరి చుట్టం. ఆ హాస్టల్ చూసుకునే అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. సాయంత్రం నాలుగయ్యేసరికి మండువా మధ్యలో ఒక చాప పరిచి, దాని మీద నాలుగైదు కిలోల బఠానీకాయలు కుమ్మరించి, రెండు పళ్లాలు పెట్టి వెళ్లిపోయేది. రండి, కూర్చోండి, ఒలవండి అని ఒక్కమాట అనేది కాదు. అంతే చేసేది.

అటుగా వెళ్లే మనిషికి ఆ కుప్ప కనబడుతుంది. ఎవరో ఒకరు అప్పటికే కూర్చుని ఉంటారు. చూస్తూ చూస్తూ దాటిపోవడం కష్టం. కూర్చుంటారు. చేతులకు పని దొరికింది. కళ్లు కాయల మీద ఉంటాయి కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడాల్సిన ఇబ్బంది లేదు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, పని జరుగుతూనే ఉంది. అప్పుడే మాట దానంతట అదే వస్తుంది. మన ఇళ్లల్లో ఇది తెలియనిదా? చింతపండులో గింజలు తీస్తూ, చిక్కుడుకాయల ఈనెలు లాగుతూ, ఆవకాయ రోజున ముక్కలు తుడుస్తూ మా అమ్మ, పక్కింటి అత్తయ్యలు అరుగు మీద చెప్పుకున్న మాటలు వాళ్లు కాళ్లు చాపుకుని ఉత్తినే కూర్చున్న రోజున ఎప్పుడూ చెప్పుకోలేదు. దుఃఖాలు కూడా చేతిలో పని ఉన్నప్పుడే బయటికొచ్చేవి.

ఆ చాప మీద నాకు దొరికినవాళ్లు నాగపూర్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, గల్ఫులో ఉద్యోగానికి వెళ్లబోయేముందు ఉత్తరాది చూడాలని వచ్చిన ఒక మలయాళీ నర్సు, కొరియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి. కొరియా అమ్మాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ బఠానీ ఒలవడంలో మా అందరికంటే చురుకు. కాయ నడుమ బొటనవేలితో నొక్కి ఒక్క గీత గీసినట్టు తెరిచేది. నేను చేసే పద్ధతి చూసి, నా చేతిలోంచి కాయ తీసుకుని ఎలాగో చూపించింది. మాకు తొలి సంభాషణ అదే. ఆ తర్వాత తను వాళ్ల అమ్మమ్మ ఊరి గురించి చెప్పింది. సగం మాటలు, సగం సైగలు.

ఒకతను మాత్రం రెండు రోజులూ వసారాలో స్తంభానికి ఆనుకుని పుస్తకం చదువుకుంటూనే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. హాస్టల్ చూసుకునే అమ్మాయి కూడా పలకరించి లాక్కురాలేదు. మూడో సాయంత్రం పుస్తకం మూసి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కూర్చుని కాయలు ఒలిచాడు. వేడివేడి చూడా మటర్ వచ్చాక మాత్రం అందరికంటే ఎక్కువ మాట్లాడింది అతనే. తండ్రి అస్థికలు కలపడానికి వచ్చాడట. ఒక్కడే వచ్చాడు.

ఇతన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు మన అరుగు గుర్తొస్తుంది. అరుగు ఇల్లూ కాదు, వీధీ కాదు. అక్కడ కూర్చున్నవాణ్ణి ఎవరూ లోపలికి రమ్మని బలవంతం చేయరు, పొమ్మనీ అనరు. చూస్తూ కూర్చోవచ్చు, ఇష్టమైతే మాట కలపొచ్చు. మంచి హాస్టల్లో ఆ వసారా లాంటి చోటు ఒకటి తప్పకుండా ఉండాలి. కొన్ని చోట్ల సాయంత్రం కాగానే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, మీ గురించి మూడు సంగతులు చెప్పండి అంటారు. కలుపుగోలుగా ఉండేవాళ్లకు అది సరదా. మొహమాటస్తులు మర్నాటి నుంచి ఆ వేళకు బయట తిరగడానికి వెళ్లిపోతారు. ఆ కార్యక్రమం పెట్టేవాళ్ల మంచి మనసును నేను కాదనను. కానీ మనిషిని మాట్లాడమని అడగడం కంటే మాట్లాడటానికి ఒక సాకు ఇవ్వడం మర్యాద.

అలాంటి సాకులు ఎన్నో ఉన్నాయి. క్యారమ్స్ బోర్డు చూడండి. నలుగురు ఆడతారు, ఇద్దరు నిలబడి చూస్తారు, భాషతో పనిలేదు, స్ట్రైకర్ జారినప్పుడు అందరి నోటా ఒకే చప్పుడు వస్తుంది. హంపి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు, అక్కడి మండపాల రాతినేల మీద ఆటల గళ్లు చెక్కి ఉంటాయి. ఎండకు ఆగినవాళ్లు, వానకు ఆగినవాళ్లు ఆడుకున్నవే అయ్యుంటాయి. హాస్టల్ నేల మీద సుద్దముక్కతో పులి-మేక గీసి నాలుగు గవ్వలు, కాసిని చింతగింజలు పెట్టండి, ఏ దేశంవాళ్లయినా అయిదు నిమిషాల్లో నేర్చుకుంటారు. ఇస్తాంబుల్‌లో పుడ్డింగ్ షాప్ అని ఒక హోటల్ ఉంది, 1957లో పెట్టారు. యూరప్ నుంచి రోడ్డు మీదుగా ఇండియాకు, నేపాల్‌కు వచ్చే కుర్రకారు అక్కడ ఆగేవారు. గోడకు ఒక బోర్డు ఉండేది. కాబూల్ దాకా మా బండిలో ఇద్దరికి చోటుందనో, ఫలానావాడా నీకోసం ఢిల్లీలో ఎదురుచూస్తాననో చీటీలు గుచ్చేవారు. ఇవాళ ఆ పని ఫోన్లో గ్రూపులు చేస్తున్నాయి. అయినా గోడ బోర్డు ఉన్న హాస్టల్ నాకు ఇష్టం. బోర్డు చదువుతూ నిలబడ్డవాణ్ణి, సారనాథ్‌కేనా, నేనూ అటే, అని పలకరించవచ్చు. ఫోన్ చూసుకుంటూ నిలబడ్డవాణ్ణి ఎలా పలకరిస్తాం?

ఇదంతా ఏర్పాటు. ఈ ఏర్పాటు చేసే మనిషి లేకపోతే ఎంత మంచి మండువా అయినా వట్టి ఖాళీ స్థలమే. హాస్టళ్లు నడిపే దంపతులను జర్మనీలో హాస్టల్ అమ్మానాన్నలు అని అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. కాశీలో హాస్టల్ చూసుకునే ఆ అమ్మాయి చేసిన పని చెబుతాను. నేను దిగేసరికి రైలు ఆరుగంటలు ఆలస్యం, బయట పొగమంచు. బల్ల దగ్గరికి వెళ్లి ఆధార్ కార్డు తీయబోయాను. అదంతా తర్వాత చూద్దామని ముందు వేడి నీళ్ల గ్లాసు చేతికిచ్చింది. రిజిస్టరు తప్పదు, విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోగా వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి, అవన్నీ చట్టం పెట్టిన పనులు. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లోనే ఆదరణ తెలిసిపోతుంది. కాళ్లకు నీళ్లిచ్చి, దాహమిచ్చి, ఆ తర్వాతే వచ్చిన పని అడిగే ఇళ్లల్లో పెరిగినవాళ్లం కదా మనం.

ఆ తర్వాత నన్ను గదికి తీసుకెళ్తూ, మీ కింద మంచం అమ్మాయి నర్సు, రేపు పొద్దున్నే పడవ ఎక్కాలనుకుంటోంది, ఒక్కతే వెళ్లాలా అని ఆలోచిస్తోంది అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యంతో నాకు ఒక మనిషి పరిచయమైపోయింది, ఒక సాకూ దొరికింది. మర్నాడు అయిదింటికి ఇద్దరం కలిసి అస్సీ ఘాట్‌లో పడవ ఎక్కాం. ఎవరికి ఏం కావాలో గుర్తుపెట్టుకుని ఒకరి అవసరాన్ని ఇంకొకరి చెవిన వేయడం, ఇంతకంటే గొప్ప నైపుణ్యం ఆతిథ్యంలో లేదని నేననుకుంటాను. పని చేసేవాళ్లు నెలకొకరు మారిపోతూ, జీతం లేకుండా మంచం కోసం నాలుగైదు గంటలు పనిచేసే వాలంటీర్ల మీదే నడిచే చోట ఇది కుదరడం కష్టం. వాళ్లు ఉత్సాహంగానే ఉంటారు, కానీ వాళ్లూ ప్రయాణికులే.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. ఒక ఊళ్లో నేను ముందే డబ్బు కట్టిన హాస్టల్‌కు వెళ్తే, నా కార్డులో పుట్టిన సంవత్సరం చూసి, నలభై అయిదు దాటినవాళ్లకు డార్మిటరీలో చోటివ్వం అన్నారు. రాత్రి తొమ్మిదైంది. ఆ కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు, రూలు అన్నాడు. ఇలాంటి రూళ్లు ఇంకా ఉన్నాయి. అదే ఊరి చిరునామా ఉన్న కార్డు చూపిస్తే కొన్నిచోట్ల చోటివ్వరు. గొడవలు జరుగుతాయన్న భయంతో పెట్టుకున్నవే అవన్నీ. వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ కలివిడితనం కోసమే ఉన్న ఇంటి గుమ్మంలో మనిషిని వయసు చూసి వెనక్కి పంపితే, లోపల మిగిలేది ఒకే వయసు, ఒకే రకం మాటలు. ఆ చాప మీద నా యాభై మూడేళ్లూ, ఆ కొరియా పిల్ల ఇరవై రెండేళ్లూ పక్కపక్కన కూర్చోబట్టే కదా అక్కడ అమ్మమ్మల కథలు వచ్చాయి.

గుమ్మం మాట వచ్చింది కాబట్టి మన సత్రాల గురించి కూడా అనుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగివచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లున్నాయి అని ఓపిగ్గా రాశారు. బాటసారికి చోటివ్వడం మనకు కొత్త కాదు. మా అమ్మతో తొలిసారి కాశీ వెళ్లినప్పుడు మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమంలో పంక్తిలో కూర్చుని భోంచేశాం. అంత దూరాన తెలుగు మాట, చారు వాసన కలిసి వచ్చేసరికి అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది మరిచిపోలేను. అయితే దేశంలో పాత సత్రాలు చాలావాటికి ఒక్కో కులం పేరు ఉంటుంది. మనవాళ్లకు అని కట్టినవి. ఆ "మనవాళ్లు" అన్న మాట దగ్గర ఎంతమంది ఆగిపోయి, చెట్ల కింద పడుకున్నారో వాళ్ల లెక్క ఏ శిలాఫలకం మీదా ఉండదు.

తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో ఇంటిపేరు దగ్గరికి వస్తారు. అక్కణ్ణించి ఏ జిల్లా, ఎవరి తాలూకు, చివరికి అడగకుండానే అడిగే ఆ ప్రశ్న. హాస్టల్లో అది లేదు. ముందు పేరు, ఊరు, పై మంచమా కింద మంచమా, అంతే. మంచం అంకెను బట్టి వస్తుంది. నా పైన ఎవరు పడుకున్నారో, ఎవరి చేతి వంట తిన్నానో నేను ఎప్పుడూ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. ఇంత చిన్న విషయం మన సమాజంలో ఎంత పెద్దదో వేరే చెప్పాలా? ఇంటిపేరు చెప్పాల్సిన అవసరం లేని నాలుగు రోజులు గడిపి వచ్చిన మన పిల్లలు, వచ్చాక కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను.

మంచం గురించి రెండు మాటలు. కలివిడితనం కావాలంటే అందరూ ఎప్పుడూ కలిసే ఉండాలని కొందరనుకుంటారు. నా అనుభవం దీనికి విరుద్ధంగా ఉంది. మంచానికి తెర, తలదగ్గర చిన్న దీపం, ఫోన్ చార్జింగుకు సొంత ప్లగ్గు, తాళం వేసుకునే లాకరు, ఈ నాలుగూ ఉన్నచోటే మనుషులు బయట ఎక్కువసేపు కూర్చుంటారు. వెళ్లడానికి ఒక మూల ఉందన్న ధీమాతోనే నలుగురిలోకి వస్తాం. ముఖ్యంగా ఆడవాళ్లు. ఆడవాళ్లకు వేరే డార్మిటరీ, గదికి సరైన తాళం, మెట్ల మీద వెలుతురు, ఏ వేళ ఫోన్ చేసినా ఎత్తే మనిషి, ఇవి లేని చోట ఆడపిల్లలు సాయంత్రం చాప దగ్గరికి రారు. రాత్రి పదిన్నర పదకొండుకు మాటలు ఆపించే మనిషి కూడా కావాలి. నిద్రపోనివ్వని హాస్టల్లో పొద్దున్న ఎవరూ ఎవరి మొహమూ చూడాలనుకోరు. నన్నడిగితే గదికి ఆరు మంచాలు మేలు. నాలుగైతే, ముగ్గురు ఒక జట్టుగా వచ్చినప్పుడు నాలుగోవాళ్లు పరాయివాళ్లయిపోతారు. పన్నెండైతే పేర్లు గుర్తుండవు.

డబ్లిన్‌లో 1999లో మొదలైన హాస్టల్‌వరల్డ్ అనే సంస్థ ద్వారా చాలామంది మంచాలు బుక్ చేసుకుంటారు. దిగినవాళ్లు అందులో మార్కులు వేస్తారు. శుభ్రానికి ఇన్ని, భద్రతకు ఇన్ని, అలాగే వాతావరణానికి అని విడిగా ఇన్ని. శుభ్రం చీపురుతో వస్తుంది, భద్రత తాళంతో వస్తుంది. వాతావరణానికి మార్కులు కావాలనుకునే యజమానులు గోడలకు రంగులు వేయిస్తున్నారు. ఆ డబ్బుతో ఒక పొడవాటి బల్ల చేయించమని నేను చెబుతాను. పన్నెండుమంది పట్టే ఒకే ఒక్క బల్ల. దాన్ని తెచ్చి వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయమంటాను. ఇంకా డబ్బు మిగిలితే బఠానీలు కొనమంటాను.

కాశీ హాస్టల్ వంటింట్లో ఒక అల్మరా అర ఉండేది. వెళ్లిపోయేవాళ్లు మిగిలిన సరుకులు అందులో వదిలేస్తారు, వచ్చినవాళ్లు వాడుకుంటారు. సగం సీసా నూనె, రెండు నూడిల్స్ పొట్లాలు, ఎవరో వదిలిన పసుపు. బయలుదేరే రోజు పొద్దున్న నా దగ్గర మిగిలిన కందిపొడి పొట్లం ఆ అరలో పెట్టబోతుంటే కొరియా అమ్మాయి వచ్చింది. పొట్లం తీసి వాసన చూసింది. తన సంచిలోంచి సముద్రపు నాచు పొట్లం ఒకటి తీసింది. నల్లగా, కాగితంలా పల్చగా ఉన్న ఆకులు, అన్నంలోకే తింటారట. నా చేతిలో పెట్టి, కందిపొడి తన సంచిలో వేసుకుంది. ఆ తర్వాత అన్నంలో ఎంత కలపాలని వేళ్లతో అడిగింది. చెంచా తీసి చూపించాను. నెయ్యి అన్న మాట ఎలా చెప్పాలో తోచక, పాల గిన్నె మీద మీగడ చూపించి, పొయ్యి చూపించాను. తనకు అర్థమైంది. పెద్దగా నవ్వింది.

గుమ్మం దగ్గర రిక్షా అతను గంట కొడుతున్నాడు. మండువాలో అప్పటికే ఎవరో కొత్తవాళ్లు సంచులు దించుతున్నారు.